ల్యాప్‌టాప్ కొనేముందే చూసుకోండి: లినక్స్ నడుస్తుందా, లేదా?

ఎర్రగుంట్ల నుంచి మాట్లాడుతున్నా. ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఈ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు నడుస్తుందా?"

ఇంట్లోవాళ్లు కూడబెట్టిన డబ్బుతో కొంటాం. కొన్నాక వైఫై రాలేదంటే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. అందుకే ముందే చూడాలి.

మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఒకే మోడల్‌లో కొన్నింటికి ఇంటెల్ వైఫై చిప్, కొన్నింటికి రియల్‌టెక్ చిప్ వేస్తుంటారు. ప్రాసెసర్, ర్యామ్‌తో పెద్దగా గొడవుండదు. ఇబ్బంది పెట్టేవి వైఫై, ఫింగర్‌ప్రింట్, ఎన్‌విడియా గ్రాఫిక్స్.

షాపులో విండోస్ ఆన్ చేయించండి. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్‌కి పోండి. 'వెన్' పక్కనుండేది కంపెనీ నంబర్. 8086 అంటే ఇంటెల్. మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చేసినోళ్లు మర్చిపోరు! 'డెవ్' పక్కనుండేది చిప్ నంబర్. రెండింటికీ 'లినక్స్' కలిపి ఫోన్‌లో వెతకండి.

ఏ కెర్నల్‌లో డ్రైవర్ వచ్చిందో కూడా చూడండి. రియల్‌టెక్ 8821సీఈకి 5.9లో వచ్చింది. ఉబుంటు 20.04 మొదట 5.4తో వచ్చింది. అంటే అందులో ఆ వైఫై దానంతటది రాదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష పెన్‌డ్రైవ్. ఉబుంటు ఎక్కించుకొని పోయి, దాన్నుంచి బూట్ చేసి 'ట్రై ఉబుంటు' నొక్కండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు హార్డ్ డిస్క్‌కి ఏమీ కాదు. వైఫై, సౌండ్, కెమెరా చూడండి. మూత మూసి తెరవండి, మళ్లీ లేస్తుందా? పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోతే ఇంకో షాపు చూసుకోండి.