పాత తెరచాప పడవను కొనబోయే ముందు

కుండ కొనే ఇల్లాలు దానిని వ్రేలితో కొట్టి, చెవి ఒగ్గి వింటుంది. ఎద్దును కొనే రైతు పళ్లు చూచి, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి గాని బయానా ఇవ్వడు. ఇది మన పెద్దలు నేర్పిన తెలివి. అయితే పదిమంది జీతగాళ్ల ఏడాది సంపాదన పోసి పాత పడవను కొనబోయేవారు, రంగు బాగున్నదనీ, లోపలి పరుపులు మెత్తగా ఉన్నవనీ చూచి సంతకం పెట్టడం కద్దు. రంగును చూచి కొన్నవారికి సముద్రం తర్వాత లెక్క చెబుతుంది.

మేము సముద్రంపై తెరచాప ఎత్తినవారము కాము. ఓడల బీమాకు సంబంధించిన ఒక కచేరీలో గుమాస్తాగా ఉండి, సర్వేయర్లు వ్రాసి పంపే పరీక్షా నివేదికలను నకలు తీసి దస్త్రాలలో చేర్చడం చాలా ఏండ్లుగా మా పని. మన కుటుంబాల పిల్లలు కొందరు ఈనాడు ఇంగ్లండు, అమెరికా తీరపట్టణాలలో స్థిరపడి, అక్కడివారి అలవాటు చొప్పున పడవలను కొనాలని ముచ్చటపడుతున్నారు. అందువల్ల ఆ నివేదికలనుండి మేము గ్రహించిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము.

పాత పడవ అనగానే చేపలు పట్టే నాటుపడవ అనుకోరాదు. ముప్పై నలభై అడుగుల పొడవుండి, లోపల పడకలు, వంటకు చోటు, మరుగుదొడ్డి కలిగి, ఒక చిన్న కుటుంబం నెలల తరబడి రేవునుండి రేవుకు తిరగడానికి వీలైన పడవలివి. ఇంగ్లీషువారు వీనిని క్రూయిజింగ్ యాట్లు అంటారు. 1960 తర్వాత ఇవి ఎక్కువగా ఫైబర్ గ్లాసుతో తయారవుతున్నాయి. అంటే గాజునారను రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరచి గట్టిపరచినవి. కొయ్యవలె ఇది పుచ్చదు, ఇనుమువలె త్రుప్పు పట్టదు. కనుకనే యాభై ఏండ్ల పడవలు నేటికీ తేలుతూ, కొత్తదాని ధరలో చిన్న భాగానికే దొరుకుతున్నాయి. చిక్కంతా అక్కడే ఉన్నది. ఒళ్లు చెడకపోయినా దానికి తగిలించినవన్నీ చెడతాయి.

ఒడ్డుకు ఎక్కించి చూడవలె

నీటిపై ఉన్న పడవలో మనకు కనబడేది సగమే. క్రేనుతో పైకి ఎత్తించి అడుగు చూడకుండా ఏ పడవనూ కొనరాదు. ఎత్తిన వెంటనే చూడవలె. ఏండ్ల తరబడి నీటిలో నానిన ఫైబర్ గ్లాసులో, పైపూత గుండా నీరు కొద్దికొద్దిగా లోనికి పోయి, అక్కడి పదార్థాలతో కలిసి పుల్లని ద్రవమై బొబ్బలు లేపుతుంది. కొన్నాళ్లు ఎండలో ఆరితే చిన్న బొబ్బలు అణగిపోయి కంటికి ఆనవు. బొబ్బలు పదో పన్నెండో ఉన్నంత మాత్రాన పడవ మునిగిపోదు గాని, అడుగంతా పొక్కి ఉంటే ఆ పూత గీకించి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ పూయించవలసి వస్తుంది. ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేలిపోవలె.

అంతకంటె ముఖ్యమైనది కీల్. పడవ అడుగున రెక్కవలె వ్రేలాడుతూ, గాలి పోటుకు పడవ బోల్తా పడకుండా నిలిపే సీసపు బరువో ఇనుప బరువో ఇది. చాలా పడవలలో దీనిని పెద్ద బోల్టులతో బిగిస్తారు. పడవ ఒకసారి రాతికో ఇసుకమేటకో గట్టిగా తగిలితే ఈ కట్టు లోలోపల వదులవుతుంది. కీల్ పడవకు అతికే చోట పగుళ్లు, త్రుప్పు చారలు ఉన్నవేమో బయట చూడవలె. లోపల నేలపలకలు ఎత్తి బోల్టులనూ, వాని చుట్టూ ఉన్న కట్టుబడినీ చూడవలె.

ఇది చాదస్తం కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే నలభై అడుగుల పడవ వెస్టిండీస్‌లోని ఆంటిగ్వా నుండి ఇంగ్లండుకు తిరిగి వస్తూ అట్లాంటిక్ నడుమ కీల్ ఊడి తలక్రిందులైంది. అందులోని నలుగురూ దక్కలేదు. అది ముసలి పడవ కూడా కాదు, 2006లో తయారైనది. పూర్వం అది పలుమార్లు నేల తాకడంవల్లా, ఆ తర్వాతి మరమ్మతులవల్లా కీల్‌ను పట్టి ఉంచే కట్టుబడి బలహీనపడి ఉండవచ్చునని బ్రిటిషు ప్రభుత్వ దర్యాప్తువారు అభిప్రాయపడ్డారు. కనుక అమ్మేవానిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: “ఈ పడవ ఎప్పుడైనా నేల తాకిందా? తాకితే బాగుచేసినదెవరు? రసీదు ఉన్నదా?”

కుండను మోగించినట్లే

పడవ పైకప్పును డెక్కు అంటారు. రెండు ఫైబర్ పొరల నడుమ తేలికైన బాల్సా కొయ్యనో ప్లైవుడ్డునో పెట్టి దీనిని తయారుచేస్తారు. డెక్కుపై బిగించిన ప్రతి మరచీలా రంధ్రమూ వాననీటికి దారి. లోపలి కొయ్య నానినానిపోతే, పైన మాత్రం అద్దంవలె మెరుస్తూనే ఉంటుంది. అందుకే సర్వేయరు చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. జానకొక దెబ్బ చొప్పున మెల్లగా తట్టుకుంటూ పోతాడు. బాగున్నచోట ఖణీలుమని మోగుతుంది. చెడినచోట బొద్దుగా పలుకుతుంది. మన ఇల్లాండ్రు కుండ దగ్గర చేసేది ఇదే.

మా మేనల్లుడు ఒకడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. కొన్నేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ముప్పై నాలుగు అడుగుల పాతపడవ ఒకటి బేరమాడాడు. కొత్తగా రంగు వేసి, చూడముచ్చటగా ఉన్నదట. అతని భార్య లోపలి వంటయిల్లు చూచి, గిన్నెలు ఎక్కడ సర్దాలో కూడా నిర్ణయించుకున్నది. సర్వేయరు వచ్చి తట్టిచూడగా, తెరచాప స్తంభం చుట్టూ మూడు బారల మేర బొద్దు శబ్దం వచ్చింది. ఆ మేరకు డెక్కు కోసి కొత్తది వేయడానికి పడవ ధరలో సగానికి పైగా అవుతుందని తేలింది. పిల్లవాడు ఆ బేరం మానుకున్నాడు. “సర్వేయరుకిచ్చిన డబ్బు దండుగ కాలేదా మామయ్యా?” అని ఆ అమ్మాయి మాకు ఉత్తరం వ్రాసింది. “ఏనుగునిచ్చి అంకుశానికి పెనుగులాడినట్లు మాట్లాడుతున్నావమ్మా! ఆ కాస్త డబ్బే మీ మిగతా డబ్బును కాపాడింది” అని జవాబు వ్రాశాము.

స్తంభమూ, తీగలూ, యంత్రమూ

తెరచాప స్తంభాన్ని నిలబెట్టేది ఉక్కు తీగత్రాళ్లు. త్రుప్పుపట్టని ఉక్కు అంటారు గాని, గాలి తగలక తేమ నిలిచినచోట ఆ ఉక్కు కూడా లోలోపల తినబడుతుంది. తీగ చివర బిగింపులో దూరే చోట ఒక్క పోగు తెగి ఉన్నా, మొత్తం తీగలు మార్చే రోజు వచ్చిందన్నమాట. తీగలు పైకి బాగా కనబడినా పది పదిహేనేండ్లకొకసారి మార్చవలెనని చాలమంది బీమావారి పట్టు. ఆ తీగలను పడవకు కలిపే ఉక్కుపట్టీలు డెక్కులో దూరి దాగి ఉంటాయి. వానిని బయటికి తీసి చూచినవారే నిజం తెలిసికొంటారు.

యంత్రం దగ్గర ఒక చిన్న ఉపాయమున్నది. మనం వెళ్లగానే దానిపై చెయ్యి వేసి చూడవలె. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే నడిపి ఉంచాడన్నమాట. చల్లని యంత్రం ఎట్లా అందుకొంటుందో చూడడం మన హక్కు. నీలిరంగు పొగ విడవకుండా వస్తే నూనె కాలుతున్నదని అనుమానించవలె. నూనె పాలవలె తెల్లబడి ఉంటే నీరు కలిసిందని గుర్తు.

పడవ అడుగున చేరిన నీటిని సర్వేయర్లు వ్రేలు ముంచి నాలుకకు తాకించి చూస్తారు. ఉప్పగా ఉంటే సముద్రం లోనికి వస్తున్నది. చప్పగా ఉంటే డెక్కుమీది వాననీరో, తాగేనీటి తొట్టి కారుడో. ఒళ్లులోని ప్రతి నీటి రంధ్రానికీ ఉన్న కుళాయిని త్రిప్పి చూడవలె. బిగుసుకుపోయి తిరగని కుళాయి, ఆపదవేళ లేనిదానితో సమానం.

పిల్లలతో తిరగదలచినవారు వంటగ్యాసు అమరికను తప్పక చూడవలె. ఈ గ్యాసు గాలికంటె బరువు. ఇంట్లో కారితే కిటికీ తెరుస్తాము. పడవలో కారితే అడుగుకు దిగి నిలిచిపోయి, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. సిలిండరు వేరే అరలో ఉండి, ఆ అర అడుగునుండి గ్యాసు పడవ వెలుపలికి పోయే దారి ఉండవలె.

కొయ్యపడవల మాట

యానాం పొరుగున ఉన్న కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలు పూర్వం తెరచాప ఓడల నిర్మాణానికి పేరుపడినవి. 1839 తుపానుకు కోరంగి రేవు నాశనమైంది. కొయ్యపడవను కొనేవారు కత్తిమొనతో పొడిచి చూడడం, పలకలను పట్టి ఉంచిన మేకులలో కొన్నింటిని పీకించి చూడడం అవసరం. ఉప్పునీటికంటె నిలిచిన వాననీరే కొయ్యకు పెద్ద శత్రువని గుర్తుంచుకోవలె.

నాటి బొంబాయిలో టేకుతో కట్టి 1964లో నీటిలో దించిన సుహేలీ అనే ముప్పై రెండడుగుల పడవలోనే రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండులో బయలుదేరి, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి, 1969 ఏప్రిల్ 22న తిరిగి చేరాడు. అట్లు చేసిన మొదటివాడతడే. దారిలో పడవ అడుగు పలకల సందునుండి నీరు కారితే, నడిసముద్రంలో దిగి, సందులో దూది కూరి, పైన రాగిరేకు కొట్టాడు. తన పడవ బలహీనత ఏ పలక దగ్గర ఉన్నదో ఎరిగినవాడు కనుక నెగ్గుకొచ్చాడు.

కాగితాలూ, బేరమూ

గుమాస్తాలము కనుక ఈ విషయం కాస్త గట్టిగా చెబుతాము. పడవ అమ్మేవానిదేనా, దానిపై అప్పు ఉన్నదా, పన్ను చెల్లినదా, పడవపై చెక్కిన నంబరూ కాగితంలోని నంబరూ ఒకటేనా అని చూడవలె. పాత రసీదుల కట్ట దాచినవాడు పడవను కూడా జాగ్రత్తగా చూచినవాడని తరచు రుజువవుతుంది.

ఆ దేశాలలో మర్యాద ఏమంటే, ధర మాట్లాడుకుని, సుమారు పదవవంతు బయానా కట్టి, “పరీక్షకూ, నీటిపై నడిపి చూడడానికీ లోబడి” అని ఒప్పందంలో వ్రాయించుకుంటారు. పెద్ద లోపం బయటపడితే ధర తగ్గించమని అడగవచ్చు, బయానా వెనక్కు తీసికొనవచ్చు. ఆ ఒక్క వాక్యం లేకుండా పైసా చేతులు మారరాదు. సర్వేయరును మనమే వెదకుకోవలె. దళారి చూపిన మనిషి ఎంత మంచివాడైనా మనకు వద్దు. కొన్న తర్వాత కూడా ఏటేటా పడవ ధరలో పదవవంతు దాకా దాని పోషణకే పోతుందని అనుభవజ్ఞుల లెక్క. చేతిలోని సొమ్మంతా ధరకే పోసినవారు ఆ మరునాటినుండే ఇబ్బంది పడతారు.

ఇంతా చదివి పాతపడవ వద్దే వద్దని ఎవరూ అనుకోరాదు. లెఫ్టినెంట్ కల్నల్ కె. ఎస్. రావు నాయకత్వాన మన సైన్యపు ఇంజనీర్లు 1985 సెప్టెంబరులో బొంబాయి విడిచి, భూమి చుట్టి, 1987 జనవరిలో తిరిగి చేరిన తృష్ణ కూడా ఇంగ్లండులో కొన్న పాతపడవే. ముప్పై ఏడడుగులది. పడవ వయస్సు ఎంతైనా సరే, దాని లోపాలన్నీ కొనేవారికి ముందే తెలిసి ఉండవలె.

యానాం, గంజాం తీరాలలో పడవల పని ఎరిగిన పెద్దలు మన సంఘంలో ఉండకపోరు. కొయ్య పరీక్షలో, పలకల బిగింపులో తమ ఇండ్ల పూర్వులు పాటించిన పద్ధతులను వ్రాసి ఈ పత్రికకు పంపితే, మా నివేదికలలో లేని జ్ఞానం మన పిల్లలకు దక్కుతుంది.