తాగుడు మానిన మూడో రాత్రి

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఉజ్జీవ కూడికల ఆఖరి రాత్రి ఒక తాపీ మేస్త్రి ముందుకొచ్చి మోకరించాడు. పదిహేనేళ్లుగా రోజూ తాగే మనిషి. పొద్దున్నే కొంచెం పడనిదే చేతిలో తాపీ నిలవదని తనే ఒప్పుకున్నాడు. "ఈ రాత్రి నుంచి చుక్క ముట్టను అయ్యగారూ" అని కన్నీళ్లతో మాటిచ్చాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. మేమూ ఆనందించాము.

రెండో రోజు అతనికి ఫిట్స్ వచ్చాయట. ఇరుగుపొరుగువారు చేతిలో తాళాల గుత్తి పెట్టారు, తగ్గింది. మూడో రాత్రి అతని భార్య కబురు పంపితే వెళ్లాము. మేస్త్రి మంచం మీద కూర్చుని, ఒంటి మీద లేని చీమలను దులుపుకొంటున్నాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. భార్యను గుర్తుపట్టడం లేదు. వాకిట్లో చేరినవారు దయ్యమన్నారు. దాచడం దేనికి, మేమూ అలాగే అనుకున్నాము. తలుపులు వేసి మూడు గంటలు ప్రార్థించాము. తెల్లవారుజామున ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పాక గాని ఆటో పిలవలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు తాగాడు?" భార్య గర్వంగానే చెప్పింది, మానేసి మూడు రోజులైందని. డాక్టరమ్మ మా వైపు తిరిగారు. "రోజూ తాగే మనిషిని ఇక్కడికి తీసుకొచ్చి మాన్పించాలి పాస్టరు గారూ" అన్నారు.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు ఆ బరువుకు ఎదురు నిలిచేందుకు తన వేగం పెంచుకుంటుంది. బరువు ఒక్కసారిగా తొలగితే ఆ వేగానికి పగ్గముండదు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమట మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందరికీ ఇలా కాదు. ఎప్పుడో తాగేవారికి ఈ భయం లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారే బారులు తీరారు.

మా మేస్త్రి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మిగతా పరీక్షలూ అప్పుడే చేశారు. కాలేయం వాచి ఉంది. అతనికి ఏనాడూ అక్కడ నొప్పి లేదు! దేహం దేవుని ఆలయమని ఎన్నోసార్లు ప్రసంగించిన మాకు, కాలేయం చాలాకాలం నొప్పి చెప్పదని అంతవరకూ తెలియదు. మొదట దానికి కొవ్వు పడుతుంది. ఆ దశలో మానేస్తే కొన్ని వారాల్లోనే చాలావరకు కోలుకుంటుంది. మానకపోతే వాపు, తర్వాత మచ్చలుపడి గట్టిపడే సిరోసిస్. అప్పుడు పొట్టలో నీరు చేరుతుంది, కాళ్లు పొంగుతాయి. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు చిట్లి రక్తం కక్కుతారు. నోరు, గొంతు, కాలేయం, పెద్దపేగు, స్త్రీలకు రొమ్ము కేన్సర్లు కూడా మద్యంతో వస్తాయి. మద్యం కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చింది.

కడుపు జబ్బున్న తిమోతికి పౌలు ఇచ్చిన సలహాను పట్టుకుని మాతో వాదించేవారున్నారు. వారికి మేము లెక్క చెబుతాము. మామూలు బ్రాందీ, విస్కీల్లో సుమారు 43 శాతం ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది దాదాపు 60 గ్రాములు. ఒక్క విడతలో అంత తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిగా తాగడం కిందే లెక్కిస్తుంది. ఇది సారా కాదు, మంచి బ్రాండు అంటారు. కాలేయానికి బ్రాండ్లు తెలియవు.

తల్లులకు, భార్యలకు రెండు మాటలు. అన్నంలో రహస్యంగా మందు మాన్పించే మాత్రలు కలపకండి. డైసల్ఫిరామ్ ఒంట్లో ఉన్నప్పుడు తాగితే రక్తపోటు పడిపోయి మనిషే పోవచ్చు. ఆ మాత్ర అతనికి తెలిసే, డాక్టరు చెప్పాకే వేసుకోవాలి. మానిన నీరసానికి ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు పెట్టించడమూ వద్దు. తాగేవారి ఒంట్లో బి1 విటమిను అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

ఇప్పుడు మా కూడికల్లో ఎవరైనా తాగుడు మానతానని ముందుకొస్తే, ప్రార్థన అయ్యాక ఒక పెద్ద పక్కన కూర్చుంటాడు. రోజూ తాగుతావా, పొద్దున్నే కావాలా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడుగుతాడు. అవునంటే ఆ రాత్రే మానమని ఒత్తిడి చేయము. తెల్లవారగానే వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళతాము. ఇది అవిశ్వాసమని మా పెద్దల్లో ఇద్దరు ఇప్పటికీ అంటారు. వెంట వెళ్లే పని మాత్రం ఎక్కువగా ఆ మేస్త్రే చేస్తున్నాడు. చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టరు అడగకముందే చెబుతాడు.