బండి మేలుకొనునప్పటి ధ్వనులు

నాడిని బట్టి వైద్యుఁడు వ్యాధి నెఱుఁగునట్లు, తాళపుచెవి త్రిప్పినంతనే వినవచ్చు ధ్వనిని బట్టి పికప్ బండి దోషమును గుర్తింపవచ్చును.

టకటకమను చప్పుడు వరుసగా వినఁబడి యింజను తిరుగకున్నచో, బ్యాటరీ శక్తి తగ్గినదనియో, తీఁగల కొసలు వదులైనవనియో తలంపవలెను. నిండుగా నున్న 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును. దీపములు చక్కఁగా వెలుఁగుచున్నను ‘టక్కు’మని యొక్కసారి మ్రోగి యూరకున్నచో, దోషము ప్రాయికముగా స్టార్టరుది. అది రివ్వునఁ దిరుగుచున్నను ఇంజను కదలకున్నచో, దాని పండ్లచక్రము ఫ్లైవీలును పట్టుటలేదు. గరగరమన్నచో పండ్లు అరిగియుండును.

ఇంజను అంటుకొన్న పిమ్మట లోపలినుండి వచ్చు దబదబ మోత వీనికంటె ప్రమాదకరము. క్షణములో నణఁగినచో నూనె చేరుటలో జాగు కావచ్చును. అణఁగకున్నచో వెంటనే యింజను నాపి నూనెమట్టము చూడవలెను. మట్టము సరిగానే యున్నను మోత మానకున్నచో బండిని నడపక మెకానికునకుఁ జూపవలెను. ఉపేక్షించినచో బేరింగులు చెడి యింజను బిగిసిపోవును. ఆ బండితోనే కూరగాయలు సంతకుఁ జేర్చు కుటుంబమునకు జీవనోపాధియే పోవును.