కోనసీమ పిల్లల బొమ్మల్లో కొండలెక్కడివి?

మూడో తరగతి పిల్లలకు తెల్లకాగితాలు పంచి, ఇష్టమైన బొమ్మ వేయమని చూడండి. పది నిమిషాల్లో సగం కాగితాల మీద ఒకే ఊరు వెలుస్తుంది. రెండు కొండలు, వాటి మధ్య సగం పైకొచ్చిన సూర్యుడు, వంకర్లు తిరుగుతూ కిందికి దిగే ఏరు, పక్కన పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. అరకులోయ పిల్లలు కొండలు గీశారంటే సరే. చుట్టూ కాలువలూ వరిచేలూ తప్ప కొండ జాడే లేని కోనసీమలో కూడా అవే రెండు కొండలు!

పిల్లలకు ఆ బొమ్మ పుట్టుకతో రాలేదు. టీచరు బోర్డు మీద వేశారు, అక్క నోట్‌బుక్‌లో వేసింది, రంగులు నింపే పుస్తకంలో అచ్చయింది. చేతిరాత బాగుపడాలని చూచిరాత రాయించినట్టే, బొమ్మల్లోనూ చూచిరాతే రాయిస్తున్నాం. చేయి కుదురుతుందేమో కానీ, కన్ను పనిచేయడం మానేస్తుంది.

నూరేళ్ల కిందట జపాన్‌లోనూ ఇదే తంతు. అక్కడ విద్యాశాఖే నమూనా చిత్రాల పుస్తకాలు అచ్చువేసి బడులకు పంపేది. పేజీలో ఏముంటే అది, గీత తప్పకుండా దించాలి. దీనిపై తిరగబడి, మార్చాలని చూసిన మనిషి యమమోతొ కనాయె. స్వతహాగా చిత్రకారుడు. 1904లో తనే గీసి, తనే చెక్కి, తనే అచ్చువేసిన ‘జాలరి’ చిత్రంతో జపాన్ ముద్రణ కళలో కొత్త దారి తీశారు. ఫ్రాన్స్‌లో కొన్నేళ్లుండి 1916లో స్వదేశానికి తిరిగొస్తూ మాస్కోలో ఆగారు. అక్కడ పిల్లలు వేసిన చిత్రాల ప్రదర్శన కంటబడింది. నమూనా పుస్తకం పొడ తగలని బొమ్మలవి. 1919లో నగానో ప్రాంతంలోని కంగావా గ్రామ ప్రాథమిక పాఠశాలలో జపాన్ పిల్లల ‘స్వేచ్ఛా చిత్రాల’ మొదటి ప్రదర్శన పెట్టించారు. ఆ ఊళ్లోనే ఆయన తండ్రి వైద్యుడు. నమూనాను పక్కన పెట్టండి, పిల్లలను బయటికి తీసుకెళ్లండి, చూసింది వేయనివ్వండి: ఆయన చెప్పింది ఇంతే. ఆ మాటకే చాలామంది ఉపాధ్యాయులు కదిలారు, పాతకాపులు కొందరు కస్సుమన్నారు.

ఈ కథకు మన పిల్లల స్కూలు సంచితో ఒక చుట్టరికం ఉంది. బయట కూర్చుని రంగులు వేయాలంటే నీళ్లూ కుంచెలూ మోయలేరు. అప్పటి క్రేయాన్లు గట్టిగా, జిడ్డుగా ఉండి ఒక రంగు మీద ఇంకోటి సరిగా పట్టేది కాదు. మెత్తని పేస్టల్ అయితే పొడిగా రాలిపోయేది. యమమోతొ ఉద్యమం స్ఫూర్తితో సకురా సంస్థ ఈ రెంటి గుణాలూ కలిపి 1925లో కొత్త రంగుకడ్డీ తయారుచేసింది. మొదట్లో వేడికి మెత్తబడటం, చలికి బిరుసెక్కడం వల్ల వేసవికి ఒక రకం, శీతకాలానికి ఒక రకం అమ్మాల్సి వచ్చిందట. మనం ‘ఆయిల్ పేస్టల్స్’ అంటున్నది దీన్నే. చూచిరాత మాన్పించడానికి పుట్టిన రంగులతో మన పిల్లలు ఆ చూచిరాతే రంగురంగుల్లో రాస్తున్నారు.

చూసింది వేయమంటే పిల్లలు ఏం వేస్తారు? ఇక్కడే పెద్దవాళ్లు తడబడతారు. ఆరేళ్ల పిల్ల ఇల్లు గీస్తే గోడలుంటాయి, గోడల వెనక మంచం మీద తాతయ్య కూడా కనిపిస్తాడు. చెరువు చుట్టూ చెట్లు గీయమంటే నీళ్లను పైనుంచి చూసినట్టు గుండ్రంగా వేసి, చెట్లను నాలుగు వైపులా బయటికి పడుకోబెడుతుంది. “చెట్లు పడిపోయాయేంటే?” అని మనం రబ్బరు అందుకుంటాం. ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్ హెన్రీ లూకే 1927లో పిల్లల చిత్రాల మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరించారు. పిల్లలు కంటికి కనబడిందే కాక తమకు తెలిసిందీ గీస్తారు. ఇంట్లో తాతయ్య ఉన్నాడని ఆ పిల్లకు తెలుసు. ఒడ్డున ఏ వైపు నిలబడ్డా చెట్టు మొదలు నీటి వైపే ఉంటుందనీ తెలుసు. ఆ చెరువు బొమ్మ నిజానికి ఒక పటం. దిద్దాల్సిన తప్పేమీ లేదక్కడ.

తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి కథ మారుతుంది. తను వేసిన గుర్రం గుర్రంలా లేదని పిల్లలకే తెలిసిపోతుంది. “నాకు బొమ్మలు రావు” అన్న మాట ఈ వయసులోనే మొదలవుతుంది, చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. ‘నీ ఇష్టం వచ్చింది వెయ్యి’ అనడం ఇక సరిపోదు. యమమోతొ పద్ధతి మీద వచ్చిన విమర్శల్లో న్యాయమైంది ఇదే. ఈ దశలో చేతికి పని కావాలి, ఆ పనికి ఒక చిక్కుముడి కావాలి. డిజైన్ పాఠం మొదలయ్యేది అక్కడే.

కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే ఊలు బంతులు, చెక్క గోళాలు, ఘనాలు వరసగా పిల్లల చేతికిచ్చారు. ఒక ఘనాన్ని ఎనిమిది ముక్కలుగా విడదీసి కుర్చీ చేయొచ్చు, మెట్లు చేయొచ్చు, కానీ ముక్క ఒక్కటీ మిగలకూడదు. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు చిన్నప్పుడు తల్లి ఈ దిమ్మలే కొనిచ్చింది. ఆ నున్నని చెక్క స్పర్శ తన వేళ్లలో ఉండిపోయిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. తమాషా ఏమిటంటే, యమమోతొ పాఠాలు చెప్పిన టోక్యోలోని జియూ గకుయెన్ బడి భవనానికి 1921లో నమూనా గీసింది ఈ రైటే.

ఖరీదైన దిమ్మలు లేకపోయినా మన వాకిట్లో చుక్కల ముగ్గు ఉంది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చే వరకు. మొత్తం 37 చుక్కలు. గీత ఎక్కడా తెగకూడదు, చుక్క వదలకూడదు, ఎటు తిప్పినా ఒకేలా కనబడాలి. ఈ మూడు షరతులు చెప్పి, ముగ్గుల పుస్తకం మూసేసి నాలుగో తరగతికి వదలండి. మొదటిసారి ఎక్కడో చుక్క మిగిలిపోతుంది. చెరిపి మళ్లీ వేస్తారు. మగపిల్లలు “ఇది ఆడవాళ్ల పని” అని గునిస్తే, లెక్క తేల్చమనండి. షరతు, ఎంపిక, దిద్దుబాటు: డిజైన్ చదివేవాళ్లు కాలేజీలో చేసేదీ దాదాపు ఇదే. ఇంగ్లండ్‌లో 1990 నుంచి ఐదేళ్ల పిల్లలకే డిజైన్, టెక్నాలజీ తప్పనిసరి పాఠం. వస్తువు ఎవరి కోసమో ముందు అనుకోవాలి, చేయాలి, పనికొచ్చిందో లేదో చూసి చెప్పాలి. మన బడిలో అయితే పాత కార్డు అట్టతో ఐదు సుద్దముక్కలు విరగకుండా ఇంటికి మోసుకెళ్లే పెట్టె చేయించవచ్చు.

ఎవరు నేర్పాలన్నదే అసలు చిక్కు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, వంద మంది దాటిన బడుల్లోనే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని పెట్టమంది. ఒకటి నుంచి ఐదు వరకు ఆ భారం లెక్కలు చెప్పే టీచరమ్మదే. సిలబస్ వెనకబడితే మొదట పోయేది డ్రాయింగ్ పీరియడే. అయినా తోవ లేకపోలేదు. శాంతినికేతన్‌లో చదివి 1944లో, చేతిపనితోనే చదువు చెప్పే సేవాగ్రామ్ నయీ తాలీమ్ బడికి వెళ్లిన దేవీప్రసాద్, రాట్నం తిప్పే పిల్లల చేతికే కుంచె ఇచ్చి ఏళ్ల తరబడి గమనించి, విద్యకు కళే పునాది అంటూ పుస్తకమే రాశారు. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడో తరగతికి ‘బాఁసురీ’ అనే కళల పాఠ్యపుస్తకం తెచ్చింది. రంగుల డబ్బా లేకుంటే బొగ్గు, ఇటుకపొడి, ఎర్రమన్ను, పసుపు. పసుపులో సున్నపు తేట పడితే పారాణి ఎరుపు వస్తుంది. అది మాత్రం టీచరే కలపాలి, సున్నం కళ్లలో పడితే ప్రమాదం.

మార్కుల సంగతి? బాలల దినోత్సవం పోటీల్లో మొదటి బహుమతి తరచూ కొండల బొమ్మకే పోతుంది, నీటుగా ఉంటుంది కదా. దానికన్నా ఒక్కో పిల్లవాడి పేరుతో అట్ట ఫైలు పెట్టి, ప్రతి బొమ్మ వెనక తేదీ వేసి దాచడం మేలు. జూన్‌లో వేసిన ఆర్టీసీ బస్సుకు రెండు చక్రాలూ ఓ డబ్బా తప్ప ఏమీ ఉండకపోవచ్చు. మార్చికి అందులో టికెట్లిచ్చే కండక్టరూ, ఫుట్‌బోర్డు మీద వేలాడే అన్నయ్యా ఎక్కి ఉంటే, తల్లిదండ్రుల సమావేశంలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సరి.