అదనపు నిమిషాలు – అంకెల పందేలు

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు కథ ఉంది. రథమెక్కి విదర్భకు పోతూ ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి, దానికి ఆకులెన్నో, కాయలెన్నో చెబుతాడు. బాహుకుడనే పేరుతో సారథ్యం చేస్తున్న నలుడు రథాన్ని ఆపి లెక్కిస్తాడు, అంకె సరిపోతుంది. అబ్బురపడిన నలుడు అశ్వవిద్యను బదులిచ్చి, జూదపు మర్మమైన అక్షహృదయాన్ని రాజు వద్ద గ్రహిస్తాడు. జూదానికీ గణితానికీ గల చుట్టరికాన్ని మన పూర్వులు ఏనాడో గుర్తించారనడానికి ఈ కథయే నిదర్శనం.

నేటి అమెరికాలో పాచికల స్థానాన్ని ఆటగాళ్ల గణాంకాలు ఆక్రమించాయి. క్రీడలపై పందేలను అనుమతించకుండా రాష్ట్రాలను నిరోధించిన 1992 నాటి సమాఖ్య చట్టాన్ని 2018 మే 14న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అటుతరువాత మూడింట రెండు వంతులకు పైగా రాష్ట్రాలు ఈ పందేలకు తలుపులు తెరిచాయి. ఏ జట్టు గెలుస్తుందన్న పందెం పాతది. ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడన్నది చేతిలోని ఫోను తెచ్చిన ముచ్చట. కళాశాలలో చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాటలు తరచు వినిపిస్తూనే ఉంటాయి. వీటిలో ఎక్కువ అపోహలకు తావిచ్చేది ఓవర్‌టైం, అనగా స్కోర్లు సమమైనప్పుడు ఆడించే అదనపు సమయం.

గీతకు పైనా, క్రిందా?

ఈ పందెంలో సంస్థ ఒక గీత గీస్తుంది. ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడికి 24.5 పాయింట్ల గీత ఉన్నదనుకుందాం. అర పాయింటు ఎవ్వరూ చేయలేరు గనుక ఫలితం ‘పైన’ అనో ‘క్రింద’ అనో తేలి తీరుతుంది. జాతీయ బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఎ. ఆటలో నిర్ణీత సమయం 48 నిమిషాలు. ఓవర్‌టైం ఒక్కొక్కటి 5 నిమిషాలు. మొత్తం ఆటపై పెట్టిన ఇట్టి పందేలలో ఓవర్‌టైం పాయింట్లను కూడా కలిపి లెక్కించడం పరిపాటి.

ఒకసారి చేరిన పాయింటు తిరిగి పోదు. కనుక ఓవర్‌టైం ‘క్రింద’ ఉన్న ఫలితాన్ని ‘పైకి’ తేగలదే తప్ప, పైనున్న దానిని క్రిందికి దింపలేదు. ఈ ఏకపక్ష స్వభావాన్ని చూచియే పలువురు, ‘పైన’ అని పందెం కాస్తే ఓవర్‌టైం రూపంలో ఉచితంగా ఒక వరం దక్కుతుందని భ్రమపడతారు.

ఆ వరం విలువ ఎంత?

ఎన్.బి.ఎ. ఆటలలో ఓవర్‌టైం దాకా పోయేవి సుమారు నూటికి ఆరు. పై ఆటగాడు 36 నిమిషాలు ఆడి సగటున 24 పాయింట్లు చేసేవాడైతే, మూడు నిమిషాలకు రెండు పాయింట్లన్నమాట. ఓవర్‌టైంలోని 5 నిమిషాలూ ఆడితే మరో మూడు పాయింట్లకు కాస్త పైగా చేరుతాయి. అది నూటికి ఆరుసార్లే జరుగుతుంది గనుక, మొత్తం ఆటలపై సగటు పెరిగేది పాయింటులో ఐదవ వంతు మాత్రమే.

ఇక ఫలితం తారుమారు కావాలంటే, ఆ ఆటగాడు 48 నిమిషాలు ముగిసేసరికి 22, 23, 24 పాయింట్లలో ఏదో ఒకచోట ఆగి ఉండాలి. అంతకు పైనున్నవాడు ముందే గీత దాటాడు. బాగా క్రిందనున్నవాడికి మూడు పాయింట్లు చాలవు. అలా ఆగే అవకాశం ఏడింట ఒకటి అనుకుంటే, నూరు పందేలలో ఓవర్‌టైం మార్చే ఫలితం ఒకటి కూడా పూర్తిగా కాదు.

దీనిని సంస్థ తీసుకొనే లాభంతో పోల్చి చూడాలి. సాధారణంగా 100 డాలర్లు గెలవడానికి 110 డాలర్లు ఒడ్డాలి. అట్టివాడు నష్టపోకుండా ఉండాలంటే నూటికి సుమారు 52.4 పందేలు గెలవాలి. అనగా సగానికి పైన 2.4 పందేలు అదనంగా రావాలి. ఓవర్‌టైం తెచ్చేది అందులో సగం కూడా లేదు. పైగా ఆ కొంచెమూ ఉచితం కాదు. గీత గీసేవారు పాత ఆటల అంకెలను చూచి గీస్తారు. ఆ అంకెలలో ఓవర్‌టైం పాయింట్లు ముందే కలిసి ఉన్నాయి. సమవుజ్జీలైన జట్లు తలపడితే ఓవర్‌టైం అవకాశం కొంత పెరుగుతుందనీ, ఆట ఏకపక్షమైతే ప్రధాన ఆటగాళ్లను ముందే కూర్చోబెడతారనీ వారికి తెలియనిది కాదు.

చరిత్ర చెప్పే సాక్ష్యం

అరుదైనదే మనస్సులో నిలుస్తుంది. 1983 డిసెంబరు 13న డెన్వరులో డిట్రాయిట్ జట్టు మూడు ఓవర్‌టైంల తరువాత 186–184తో గెలిచింది. 48 నిమిషాలు ముగిసేసరికి స్కోరు 145–145. అనగా 80 పాయింట్లు అదనపు సమయపు పంట. విల్ట్ చేంబర్లెన్ 1961–62లో 80 ఆటలాడి, ఆటకు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. 48 నిమిషాల ఆటలో ఇది ఎలా సాధ్యమని తికమకపడేవారికి ఓవర్‌టైమే సమాధానం. ఇట్టి సంఘటనలు కథలుగా నిలుస్తాయి. మామూలుగా ముగిసిన వేలాది ఆటలను ఎవరూ చెప్పుకోరు. పందెగాడి జ్ఞాపకం నమ్మదగిన గణాంకం కాకపోవడానికి కారణం ఇదే.

ఆటకొక నియమం

అదనపు సమయపు లెక్క అన్ని ఆటలకూ ఒకటి కాదు. ఐస్‌హాకీ లీగు దశలో 2015–16 నుండి ఓవర్‌టైం జట్టుకు ముగ్గురేసి ఆటగాళ్లతో 5 నిమిషాలు సాగుతుంది. అందులోని గోలు ఆటగాడి ఖాతాకు చేరుతుంది. ఆపైన జరిగే షూటౌట్ గోలు చేరదు. బేస్‌బాల్‌లో ఆట ఆరంభించిన పిచ్చరు అదనపు ఇన్నింగ్సు వచ్చేసరికి దాదాపు ఎప్పుడూ మైదానం విడిచి ఉంటాడు గనుక అతని అంకెలు మారవు.

ఫుట్‌బాల్ పందేలు సాధారణంగా 90 నిమిషాలకూ, గాయాలవల్ల కలిపే నిమిషాలకూ పరిమితం. 30 నిమిషాల అదనపు ఆట లెక్కకు రాదు. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఎంబాపే మూడు గోల్స్ చేశాడని రికార్డు చెబుతుంది. మూడవది 118వ నిమిషంలోనిది కనుక ఇట్టి పందెంలో అతనివి రెండే. మెస్సీ రెండవ గోలూ అంతే. అది 108వ నిమిషంలోనిది.

తెలుగువారికి సుపరిచితమైన క్రికెట్‌లోనూ ఇదే తీరు. 2019 ప్రపంచకప్ ఫైనల్లో బెన్ స్టోక్స్ స్కోరు 84 నాటౌట్. సూపర్ ఓవర్లో అతడు చేసిన 8 పరుగులు జట్టును నిలిపినా, అతని వ్యక్తిగత రికార్డులో చేరలేదు.

కలిసి పెరిగే అంకెలు

మరొక చిక్కు ఉంది. ఒకే ఆటలో నలుగురు ఆటగాళ్లూ గీత దాటుతారని గొలుసు పందెం కట్టేవారు, ఒక్కొక్కరి అవకాశాన్ని విడిగా తీసుకొని గుణిస్తారు. ఈ గుణకారం ఒకదానికొకటి సంబంధం లేని సంఘటనలకే వర్తిస్తుంది. ఓవర్‌టైం వస్తే నలుగురి నిమిషాలూ ఒక్కసారే పెరుగుతాయి. సంస్థల గణకయంత్రాలు ఈ సంబంధాన్ని కూడా లెక్కించియే ధర కడతాయి.

అన్ని అంకెలకూ మూలం ఆడిన నిమిషాలే. వాటిని ఓవర్‌టైం పెంచినట్లే మనిషి తగ్గించగలడు. టొరంటో ఆటగాడు జోంటే పోర్టర్ ‘క్రింద’ అని పందెం కాసినవారికి లాభించేలా ఆట మధ్యలో తప్పుకొన్నాడని తేలి, 2024 ఏప్రిల్‌లో ఎన్.బి.ఎ. అతనిని శాశ్వతంగా బహిష్కరించింది. ఏ సూత్రమూ పసిగట్టలేని ప్రమాదం ఇది.

ఇంటిలోని యువకులకు ‘జూదం తప్పు’ అని చెప్పడంతో సరిపెట్టక, కాగితం మీద ఈ లెక్క వేసి చూపడం మేలు. ఒక సీజన్‌లో తమ అభిమాన ఆటగాడి స్కోర్లను 48 నిమిషాల దాకా ఒక వరుసలో, ఓవర్‌టైంతో కలిపి మరొక వరుసలో వ్రాసుకొమ్మని చెప్పాలి. రెండు వరుసల మధ్య తేడా ఎంత స్వల్పమో వారే కనుగొంటారు. పైసా ఒడ్డకుండా అబ్బే అక్షహృదయం ఇది.