మలుపులో చేతులు ఏం చెప్పాయి?

రేసు కారు ఎక్కడ మొండికేస్తోందో డ్రైవర్ నోటికన్నా ముందు అతని చేతులు చెప్పేస్తాయి. స్టీరింగ్ దగ్గర బిగించిన ఓ చిన్న సెన్సర్ ఆ మాటను గీతగా రాసిపెడుతుంది. ఆ గీతను చదవడం తెలిస్తే కారు జబ్బు సగం తెలిసినట్లే!

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ ఒడ్డున మన దేశపు తొలి ఫార్ములా-ఈ రేసు. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు, పక్కనే కాంక్రీటు గోడలు. గెలిచింది జాన్-ఎరిక్ వెర్న్. చూసినవాళ్లందరికీ వేగమే గుర్తుండిపోయింది. కానీ అలాంటి ట్రాక్ మీద కారు నిలకడ తేలేది మలుపులోనే.

జారేది ముందా... వెనకా?

వానాకాలం మలుపులో స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోబోవడం మీలో కొందరికి అనుభవమే. ముందు టైర్లు పట్టు వదిలేస్తే అది అండర్‌స్టీర్. వెనక టైర్లు వదిలేసి కారు గిర్రున తిరగబోతే ఓవర్‌స్టీర్. ఈ గుట్టు తేల్చడానికి 1930ల్లో జనరల్ మోటార్స్ ఇంజినీరు మారిస్ ఓలీ ఎంతో శ్రమించాడు. ఆ తర్వాత విలియం మిల్లికెన్. విమానాల పరీక్షల్లో పండిన మనిషి. 1948లో వాట్కిన్స్ గ్లెన్ రేసులో ఆయన బుగాటి బోల్తా పడితే ఆ మలుపుకి ఆయన పేరే స్థిరపడింది. కొడుకు డగ్లస్‌తో కలిసి 1995లో తెచ్చిన ‘రేస్ కార్ వెహికల్ డైనమిక్స్’ ఈ విద్యకు పెద్దబాలశిక్ష.

34 డిగ్రీల లెక్క

ఇరుసుల మధ్య రెండున్నర మీటర్ల దూరమున్న కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్ల చొప్పున మలుపు తిరుగుతోందనుకుందాం. పక్కవాటు త్వరణం సెకను వర్గానికి 12.5 మీటర్లు. వేగాన్ని వేగంతోనే హెచ్చవేసి దీంతో భాగిస్తే మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు. ఇరుసుల దూరాన్ని ఆ 50తో భాగిస్తే చక్రం తిరగాల్సిన కోణం రేడియన్లలో వస్తుంది. డిగ్రీల్లోకి మారిస్తే 3కు కాస్త తక్కువ. చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ 12 డిగ్రీలు తిప్పాలనుకుంటే, ముందూ వెనకా పట్టు సమంగా ఉన్నప్పుడు సరిపోవాల్సింది సుమారు 34 డిగ్రీలు.

డ్రైవర్ 45 తిప్పాడా? ముందు జారుతోంది. 20తో సరిపెట్టాడా? వెనక జారుతోంది. గీత సున్నా దాటి అవతలికి పోయిందా? కారు తిరిగిపోకుండా ఎదురు తిప్పి కాపాడుకున్నాడన్నమాట.

అసలు దోషి ఎవరు?

‘మలుపు చివర వెనక కొడుతోంది’ అన్నాడనుకోండి డ్రైవర్. నమ్మి, వెనక పట్టు పెరగడానికి అక్కడి యాంటీ-రోల్ బార్‌ని (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీని) మెత్తబరిచేయాలనిపిస్తుంది. ఒక్కసారి గీత చూడండి. మలుపు నడుమ స్టీరింగ్ కోణం 40, 45, 50 అంటూ పెరుగుతూనే ఉంది. పక్కవాటు త్వరణం మాత్రం కదల్లేదు. అంటే ముందు టైర్లు అప్పటికే చేతులెత్తేశాయి. వేగం తగ్గి వాటికి పట్టు చిక్కగానే, ఎక్కువగా తిప్పి ఉంచిన చక్రాలు కారును ఒక్కసారిగా లోపలికి లాగేశాయి. వెనక కొట్టింది అప్పుడే! గీత కూడా అక్కడే నిట్టనిలువునా పడింది. డ్రైవర్ అబద్ధమాడలేదు, చివర జరిగింది చెప్పాడు. చేతులు మొదట జరిగింది చెప్పాయి. ఇప్పుడు వెనక పట్టు పెంచితే రోగం ముదురుతుంది. మెత్తబరచాల్సింది ముందు బార్‌ని.

అయితే, ఒక్క గీతతోనే తీర్పు చెప్పకూడదు. వేగం, త్వరణం, యాక్సిలరేటర్ గీతలు పక్కన పెట్టుకోవాలి. తిన్నని దారిలో సెన్సర్ సున్నా చూపుతోందో లేదో సరిచూడాలి. అదే డ్రైవర్, అదే మలుపు, నాలుగైదు ల్యాపులు పోల్చాలి. వేగపు మలుపుల్లోనే తేడా వస్తుంటే మొదట రెక్కలను అనుమానించాలి. నెమ్మది మలుపుల్లోనైతే స్ప్రింగులు, బార్లు చూడాలి.

ఇంజినీరింగ్ కాలేజీల్లో రేసు కార్లు కడుతున్న మన పిల్లలకు ఒక్క మాట. ఖరీదైన భాగాలకన్నా ముందు స్టీరింగ్ సెన్సర్ బిగించండి. డ్రైవర్ చెప్పేది విని రాసుకోండి, గీత చూడండి, మళ్లీ వెళ్లి అతన్నే అడగండి. ఆ తర్వాతే పానా పట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.