మనోవిషాదము - దాని ఉపశాంతి

మన పాల్వంచ పరగణాకు 17వ శతాబ్దమున తహశీలుదారుగా నుండిన కంచర్ల గోపన్న, తానీషా కాలమున గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు మగ్గెనని ప్రతీతి. ఆ రామదాసు తన దుఃఖమును దాచుకొనలేదు. మొఱపెట్టెను, నిష్ఠురము లాడెను, పాడెను. ఆయనకు మనోవ్యాధి యుండెనని నే ననను. దుఃఖమునకు వాక్కు కావలయునని మాత్రము ఆ కీర్తనలవలన గ్రహించితిని.

దుఃఖము వేఱు, విషాదవ్యాధి వేఱు. నిద్రాహారములు చెడి, ప్రియమైన పనియందును ఆసక్తి నశించి, తాను నిరర్థకుడనను తలంపు రెండు వారములు విడువకున్నచో అది వ్యాధియే. సోమరితనము కాదు, గాలి సోకుటయు కాదు.

దీనికి ప్రకృతి కొంత సాయము చేయగలదు. ఉదయపుటెండలో కిన్నెరసాని యొడ్డున నడచుట, వేళకు నిద్రాభోజనములు, చేతనైన చిన్నపని, పదిమందితో భజన - ఇవి మనస్సును మెల్లగా తేర్చును. మనస్సు కుదిరిన పిమ్మట పనిచేయుదమని కూర్చుండరాదు. పనివలననే మనస్సు కుదురుట కలదు. ఇప్పసారా క్షణకాలము మఱపించి, పిదప విషాదమును పెంచును.

ధైర్యము చెప్పుటకు ముందు ప్రక్కన కూర్చుండి వినుడు. వ్యాధి ముదిరినచో ఇవి చాలవు, వైద్యుడు కావలయును. చావుమాట వినబడినచో ఆ మనిషిని ఒంటరిగా విడువక, పురుగుమందును అందకుండ దాచి, వెంటనే వైద్యునికడకు తోడ్కొనిపోవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్‌తో 14416 అను సంఖ్యకు ఫోనుచేసి రేయింబవళ్లు ఉచితముగా మాటాడవచ్చును. మందు పుచ్చుకొనుట భక్తికిగాని పౌరుషమునకుగాని లోపము కాదు.